నా చేతిలో అరగంట

మా ప్రార్థన మందిరంలో గోడ గడియారం లేదు. టిక్కుటిక్కుమంటూ ఉంటే మనసు దాని వెంటే పోతుందని ఎప్పుడో తీసేశారట. లోపలికి వెళ్ళేవాళ్ళు గుమ్మం పక్కనున్న బుట్టలో చేతి గడియారాలు, ఫోన్లు వదిలేసి వెళ్ళాలి. పొద్దున్న ఆరింటికి అందరూ కళ్ళు మూసుకుని అరగంట మౌనంగా ధ్యానంలో కూర్చుంటారు. ఒక్కరు మాత్రం కళ్ళు తెరుచుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చుంటారు. అరగంట కాగానే రెండు చెక్క ముక్కలు ఒకదానికొకటి కొడతారు. ఈ పనిని మావాళ్ళు కాపలా అంటారు.

ఆ కాపలా నాది. నేను చేసిన పని ఏమిటో రాయడానికి చాలా రోజులు పట్టింది. రాస్తున్నప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

నాకు మాటలు రాక కాదు. నలుగురి ముందు నోరు తెరిస్తే గొంతు మూసుకుపోతుంది, అంతే. మా ఊరి బడి మొత్తానికి నలభై మందిమి. అక్కడ పదో తరగతి పూర్తిచేసి, పై చదువుకి పిన్ని ఇంటికి వచ్చాను. పిన్ని టైలర్. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది. మిషను మీద పని లేనప్పుడు మందిరం, మందిరం లేనప్పుడు మిషను.

వచ్చిన రెండో వారం నన్ను కూడా తీసుకెళ్ళింది. మందిరం నడిపేది డ్రైవర్ తాతగారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన ప్రార్థన పుస్తకం నా చేతికిచ్చి ఒక పేరా చదవమన్నారు. లేచి నిలబడ్డాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, గొంతే రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి, అందరూ ఇస్త్రీ బాబాయి అని పిలిచే ఇస్త్రీ బండి ఆయన, "పోనీలెండి, ధ్యానం అయిపోయిందనుకుందాం. ఈ పిల్ల మనకంటే బాగా చేస్తోంది మౌనం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచీ ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు, 'సైలెన్సు' అనే పిలుస్తాడు.

మర్నాడు తాతగారు తన పాత చేతి గడియారం నా అరచేతిలో పెట్టారు. "నోరు తెరవక్కర్లేని పని ఒకటుందమ్మా. నువ్వు టైము సంగతి చూసుకుంటే మేం దాన్ని మర్చిపోతాం. అంతే నీ పని," అన్నారు. ఎంత సంతోషించానో చెప్పలేను.

మొదటి నెల నిజాయితీగానే చేశాను. కళ్ళు మూసుకున్న ఇరవై మంది ముఖాలు చూస్తూ కూర్చోవడం మొదట్లో భయంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఇస్త్రీ బాబాయి పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటాడు. తాతగారి కుడికాలు అప్పుడప్పుడు బ్రేకు తొక్కుతుంది. పిన్ని ముఖం మాత్రం చూడలేకపోయేదాన్ని. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన నడుము ఆమెది. పది నిమిషాలు కాగానే కనుబొమలు దగ్గరికొస్తాయి. ఆ తర్వాత కుడిచెయ్యి మెల్లగా ఒళ్ళోంచి జారి నేల మీద ఆనుతుంది. ఆనిందంటే ఇక లేస్తుందని అర్థం. పదకొండో నిమిషానికో పదమూడో నిమిషానికో చప్పుడు కాకుండా లేచి వెళ్ళి వరండా మెట్ల మీద కూర్చుంటుంది. మందిరంలో చేరి పదకొండేళ్ళయినా ఒక్క రోజు కూడా అరగంట కూర్చోలేదు. ఇంటికి వచ్చే దారిలో, "నా బుర్రలో అన్నీ జాకెట్లే తిరుగుతాయే అమ్మడూ. దేవుడొచ్చి నిలబడినా మెడ కొలత తీసుకుంటానేమో," అనేది. నవ్వుతూనే అనేది కానీ ఆ తర్వాత ఇంటిదాకా ఏమీ మాట్లాడేది కాదు.

ఒకరోజు నేను ఆలస్యంగా లేచాను. పిన్ని తొందరపెడితే బాత్‌రూమ్‌కి వెళ్ళకుండానే బయల్దేరాను. మౌనం మొదలైన పది నిమిషాలకే నా పని అయిపోయింది. కాళ్ళు మడిచాను, చాపాను, మళ్ళీ మడిచాను. పద్నాలుగో నిమిషానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్ళిపోవచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. కాపలా ఉన్నవాళ్ళు లేవకూడదని అప్పుడు గట్టిగా అనుకున్నాను. టైము కాకుండా చెక్క కొట్టకూడదని మాత్రం ఎందుకో అంత గట్టిగా అనిపించలేదు. కొట్టేశాను. పదిహేను నిమిషాలు కూడా కాలేదు.

చెక్క మోగగానే పెరట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేటప్పుడు నడుస్తున్నానే గాని, ఇక నన్ను తిట్టి పంపేస్తారనే అనుకుంటున్నాను. లోపల ఎవరూ తిట్టడం లేదు. పిన్ని కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె చుట్టూ నలుగురు చేరారు.

"లేవలేదు! నేను లేవనే లేదు!" అంటోంది పిన్ని. "చెయ్యి కింద పెట్టబోయాను, ఇంకొంచెం ఓర్చుకుందాం అనుకున్నాను, అంతలో అయిపోయింది!"

"చూశారా," అన్నారు తాతగారు. "నాక్కూడా ఇవాళ ఇట్టే అయిపోయినట్టుంది. మనసు నిలబడితే కాలం తెలియదు."

అప్పుడు చెప్పాల్సింది. నిజానికి నోరు తెరిచాను. ఎదురుగా పిన్ని ముఖం ఉంది. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాతి రోజుల గురించి, పిన్ని కోసం చేశానని రాసుకుంటే బాగుంటుంది. కొంత అదీ ఉంది. కానీ అరగంట పాటు అందరి ముఖాలు చూస్తూ ఒంటరిగా కూర్చోవడం నాకు విసుగ్గా ఉండేదన్నది కూడా నిజం. తొందరగా అయిపోతే నాకూ హాయిగా ఉండేది. మర్నాడు పిన్ని చెయ్యి ఒళ్ళోంచి జారడం చూశాను. నేలకి ఆనకముందే చెక్క కొట్టాను. ఆ మర్నాడూ అంతే. ఇక తాతగారి గడియారాన్ని పట్టించుకోవడం మానేశాను. పిన్ని చెయ్యి చూసి కొట్టేదాన్ని.

ఎవరికీ తెలియలేదు. తెలియడానికి వీల్లేదు కూడా. మౌనం తర్వాత ఒక పాట, ఆ తర్వాత తాతగారి మాటలు ఉంటాయి. ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఏ స్టాపులో ఆపుతారో ఆయనకే తెలియదు. బుట్టలోంచి గడియారాలు తీసుకునేసరికి ఎప్పుడూ ఏడు దాటే ఉంటుంది.

అందరి ముఖాలూ మారాయి. ఇదివరకు నడుం పట్టుకుని లేచేవాళ్ళు ఇప్పుడు చలాకీగా లేస్తున్నారు. ఇళ్ళలో కూడా కూర్చుంటున్నామని చెప్పుకోసాగారు. ఒకరోజు ఇస్త్రీ బాబాయి, "నేను ప్యాంట్ల లెక్కన కూర్చుంటానండీ. మనసులో ఆరు ప్యాంట్లు ఇస్త్రీ చేస్తే అరగంట. ఈమధ్య మూడో ప్యాంటు మడత పెట్టకముందే సైలెన్సు చెక్క కొట్టేస్తోంది," అన్నాడు.

నేను చెక్కముక్కలు ఒళ్ళోకి లాక్కున్నాను.

"అంటే నీ చెయ్యి నెమ్మదించిందన్నమాట. మంచిదే, ప్యాంట్లు కాలవు," అన్నారు తాతగారు. అందరూ నవ్వారు. ఇస్త్రీ బాబాయి అందరికంటే ఎక్కువ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాకు డైరీ రాసే అలవాటు ఉంది. రోజూ పైన తేదీ వేసి, పక్కన 'మౌనం, 30 ని.' అని రాసేదాన్ని. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా ముప్పై అనే రాశాను.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. వరసగా నలభై పొద్దులు మధ్యలో లేవకుండా కూర్చున్నవాళ్ళకి, ఆదివారాలు కొత్తగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి నేర్పే పని అప్పగిస్తారు. పిన్నికి నలభై పూర్తయిన రోజు తాతగారు అందరి ముందు చెప్పారు, "వచ్చే ఆదివారం నుంచి కొత్తవాళ్ళు టైలరమ్మ దగ్గర కూర్చుంటారు," అని. పిన్ని తల దించుకుంది. ఆమె మెడ మీద చెమట కనిపించింది. తాతగారు ఇంకో మాట కూడా అన్నారు. కొత్తవాళ్ళు ఊరికే కళ్ళు తెరుస్తుంటారు కాబట్టి ఆ తరగతిలో కాపలా కూడా నేర్పేవాళ్ళదే. "గడియారం నువ్వే పెట్టుకోవాలమ్మా."

ఆ ఆదివారం కళ్ళ ముందు కనిపించింది. పిన్ని గడియారం ముందు పెట్టుకుని కూర్చుంటుంది. పదహారు నిమిషాలకో పదిహేడు నిమిషాలకో ఆమె ఒళ్ళు ఇక అయిపోయిందంటుంది. ముల్లు చూస్తే సగం దూరమే వచ్చి ఉంటుంది. కొత్తవాళ్ళ ముందు. ఆదివారానికి మధ్యలో ఆరు పొద్దులే ఉన్నాయి.

ఎవరికీ చెప్పకుండా సరిచేసేద్దామనుకున్నాను. రోజూ కొంచెం పెంచుకుంటూ పోతే శనివారానికి ముప్పై అవుతుంది, పిన్నికి అలవాటైపోతుంది, ఏ గొడవా ఉండదు. సోమవారం ఇరవై ఒకటికి కొట్టాను. పిన్ని చెయ్యి నేల మీదే ఉంది, కానీ ఓర్చుకుంది. మంగళవారం ఇరవై నాలుగుకి. అప్పటికే ఆమె పెదవి కొరుక్కుంటోంది. బుధవారం ఇరవై ఏడు అనుకున్నాను. ఇరవై రెండో నిమిషంలో పిన్ని లేచి, గోడ పట్టుకుని, వరండాలోకి వెళ్ళిపోయింది.

మిగిలినవాళ్ళు కూడా అటూఇటూ కదిలారు. "ఈ వారం అరగంటని ఎలాస్టిక్కులా లాగుతున్నారేంటండీ," అన్నాడు ఇస్త్రీ బాబాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. తాతగారు, "మనందరి మనసులూ చెదిరాయి. ఎవరి లోపం వాళ్ళు వెతుక్కుందాం," అన్నారు. ఇరవై మంది తలలు వంచారు. ఎవరికి వాళ్ళు తమ తప్పు ఏమిటా అని వెతుక్కుంటున్నారు. నేను చెక్కముక్కలు పట్టుకుని కూర్చున్నాను.

దారిలో పిన్ని అంది, "గౌరవం ఇస్తామనగానే నాకు గర్వం వచ్చిందే అమ్మడూ. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. అందుకే దేవుడు ఇచ్చింది లాగేసుకున్నాడు."

"అదేం కాదు పిన్నీ," అన్నాను.

"నీకేం తెలుసు. నువ్వు ఎప్పుడు చూసినా రాయిలా కూర్చుంటావు."

ఆ రోజు నుంచి పిన్ని మధ్యాహ్నాలు కూడా కూర్చోవడం మొదలుపెట్టింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి, కొత్తవాళ్ళ కోసం మిగులుగుడ్డలతో తానే కుట్టిన దిండు మీద కూర్చునేది. లేచేటప్పుడు మిషను పట్టుకుని లేచేది. నొప్పి మాత్ర వేసుకోమంటే, "వద్దు, నాకు తగిన శాస్తే," అనేది.

శనివారం మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. పిన్ని ఒక లంగా అంచుకి గుండుసూదులు గుచ్చుతోంది. నాలుగు సూదులు పెదవుల మధ్య ఉన్నాయి. ఆమె మాట్లాడలేని సమయం చూసి మాట్లాడానని తర్వాత అర్థమైంది.

"పిన్నీ, అవి ముప్పై నిమిషాలు కావు."

ఆమె కళ్ళెత్తి చూసింది.

"ఆ నలభై రోజులూ. నేను ముందే కొట్టేశాను."

పిన్ని సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. నాలుగూ అయ్యాక అడిగింది, "ఎన్ని మరి?"

"మొదట్లో పదిహేను. తర్వాత పదహారు, పద్దెనిమిది... సరిగ్గా గుర్తులేదు."

"అందరికీనా? నాకొక్కదానికేనా?"

ఆ ప్రశ్నకి ఇంకోరోజైతే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. "అందరికీ పిన్నీ."

"డ్రైవర్ గారికి కూడానా?"

"ఊఁ."

"నువ్వు డైరీ రాస్తావు కదా. అది తీసుకురా. ఏ రోజు ఎంతో చెప్పు."

"అందులో కూడా ముప్పై అనే ఉంది," అన్నాను.

పిన్ని నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మరి ఎప్పుడు కొట్టాలో నీకెలా తెలిసేది?"

ఇది అడగకూడదని కోరుకుంటూనే ఉన్నాను. "నీ చెయ్యి చూసి. నువ్వు చెయ్యి నేల మీద పెట్టబోతుంటే..."

ఆమె తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. తర్వాత దాన్ని లంగా గుడ్డ కింద పెట్టుకుంది, నాకు కనిపించకుండా.

"జాలిపడ్డావన్నమాట," అంది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కాసేపటికి, "ఎవరికీ చెప్పకు. రేపు నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు. ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను. నలుగురి నోళ్ళలో పడలేను," అంది. మళ్ళీ సూదులు అందుకుంది.

నిజం చెప్పాలంటే ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు చెప్పేసుకున్నాను, ఇక ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం అన్నం కూడా బాగానే తిన్నాను. పిన్ని తినలేదు. అది చూశాక గానీ, ఆమె చేత అబద్ధం ఆడిస్తున్నది నేనేనని తట్టలేదు.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. కొత్తవాళ్ళు ఐదుగురు పిన్ని దిండ్ల మీద సిద్ధంగా కూర్చుని ఉన్నారు. పాతవాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు. తాతగారు గుమ్మం వైపు చూసి, "టైలరమ్మ ఏదమ్మా?" అన్నారు.

"ఒంట్లో బాగాలేదు," అన్నాను. అది చెప్పడానికి గొంతు చక్కగా వచ్చింది.

"అయ్యో. పదకొండేళ్ళు పట్టుదలగా కష్టపడి కూర్చుంది. పాపం, ఈ రోజునే ఇలా..." తాతగారు కొత్తవాళ్ళ వైపు తిరిగారు. "ఆవిడ గురించి మీకు చెప్పాలి. ఆవిడ నడుం నొప్పితో..."

"అబద్ధం," అన్నాను.

అది నా గొంతేనని నాకే తెలియలేదు. అందరూ నా వైపు తిరిగారు. పేజీ లేదు, అక్షరాలు లేవు. అయినా మాటలు వచ్చాయి. ఎలా చెప్పానో గుర్తులేదు. బాత్‌రూమ్ సంగతి కూడా చెప్పేశాను. కొత్తవాళ్ళలో ఒకాయన కిసుక్కున నవ్వి, భార్య మోచేత్తో పొడిస్తే ఆపుకున్నాడు. పిన్నికి ఏమీ తెలియదని, ఆమె ప్రతిరోజూ నిజంగానే కూర్చుందని, మోసం నాదని రెండుసార్లో మూడుసార్లో చెప్పాను.

తాతగారు కింద కూర్చుండిపోయారు. "ముప్పై ఏళ్ళు టైము ప్రకారం బండి నడిపాను. ఒంట్లోనే గడియారం ఉందనుకున్నాను," అన్నారు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చెవులు ఎర్రబడి, పెద్దాయన నాలాగే తల వంచుకుని కూర్చున్నారు.

"నేను మూడు ప్యాంట్లే అని చెబుతూనే ఉన్నాను," అన్నాడు ఇస్త్రీ బాబాయి మెల్లగా. వెనకనుంచి ఎవరో, "పసిపిల్ల చేతికి ఇస్తే ఇంతే," అన్నారు. ఇంకెవరో, "మన ధ్యానం సంగతి తెలిసింది కదా, అదీ మంచిదే," అన్నారు.

తాతగారు చెయ్యి చాపారు. గడియారం, చెక్కముక్కలు ఇచ్చేశాను. ఆయన వాటిని ఇస్త్రీ బాబాయికి ఇచ్చి, "రేపటి నుంచి నువ్వు కూడా కూర్చోవాలమ్మా. కళ్ళు మూసుకుని," అన్నారు నాతో. ఇన్ని నెలల్లో నేను ఒక్కరోజు కూడా ధ్యానం చేయలేదని ఆయన అనలేదు. అనకపోయినా వినిపించింది.

ఇంటికి వెళ్ళి పిన్నికి చెప్పాను. ఆమె మిషను ఆపలేదు. "చెప్పొద్దన్నాను కదా," అంది. ఆ రోజంతా ఇంకో మాట లేదు. పడుకోబోయే ముందు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "ఏమన్నారు?" అని అడిగింది.

"నిన్నేమీ అనలేదు."

"అనకుండా ఉంటారా," అని వెళ్ళిపోయింది.

సోమవారం నేను లేచేసరికి పిన్ని తయారై గుమ్మంలో నిలబడి ఉంది. దారంతా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. లోపలికి వెళ్ళగానే అందరూ చూడనట్టు చూశారు. పిన్ని ఎప్పుడూ కూర్చునే ముందు వరస దాటుకుని వెళ్ళి చివర్లో గోడవైపు కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చోవచ్చో లేదో తెలియక, మధ్యలో ఒకరికి చోటు వదిలి కూర్చున్నాను. ఆ చోటులో ఎవరూ కూర్చోలేదు.

కళ్ళు మూసుకున్నాను. వెంటనే అందరూ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. శ్వాస మీద మనసు పెట్టమంటారు. నా శ్వాస ఎత్తు ఎక్కుతున్న బండిలా చప్పుడు చేసింది. పాదం తిమ్మిరెక్కింది, ముక్కు దురద పెట్టింది. ఇక అయిపోవాలి, ఇక అయిపోవాలి అనుకున్నాను. ఇస్త్రీ బాబాయి నిద్రపోయాడేమో అని కూడా అనుకున్నాను. ఇన్నాళ్ళూ వీళ్ళందరూ ఇది చేస్తుంటే నేను ఎదురుగా కూర్చుని ముఖాలు చూశాను. సిగ్గుతో ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారాక మళ్ళీ శ్వాస దొరికింది, మళ్ళీ పోయింది. ఎప్పుడో పక్కన చీర కదిలిన చప్పుడైంది. అడుగులు వరండా వైపు వెళ్ళాయి. కళ్ళు తెరవలేదు.

చాలాసేపటికి చెక్క మోగింది. పాట అందుకోకముందే బయటికి వచ్చాను. పిన్ని మెట్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది.

"ఎంతసేపు కూర్చున్నాను?" అంది నా వైపు చూడకుండా.

"తెలియదు పిన్నీ. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను."

ఆమె తల తిప్పి చూసింది. రెండు రోజుల్లో నా ముఖం చూడటం అదే మొదలు. "అయితే వెళ్ళి అడుగు."

లోపలికి వెళ్ళి, పాట మధ్యలో ఇస్త్రీ బాబాయి పక్కన వంగి అడిగాను. ఆయన పాడటం ఆపకుండానే గడియారం మీద వేలితో చూపించి, నా చెవిలో చెప్పాడు. తిరిగి వచ్చాను.

"ఇరవై రెండు," అన్నాను.

పిన్ని ఆ అంకె పెదవులతో ఒకసారి అనుకుంది. గుడ్డ కొలిచేటప్పుడు కూడా అలాగే అనుకుంటుంది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "నిజంగానా?"

"నిజం పిన్నీ."

ఇంకాసేపు చూసింది. అప్పుడు గోడ పట్టుకుని లేచి, చీర సర్దుకుని, ఆయన్నే అడగడానికి లోపలికి వెళ్ళింది.